అందరూ తిన్నాక

మా అమ్మకి ఆకలి తక్కువ. మా ఇంట్లో ఇది ఎవరూ రుజువు చెయ్యనక్కర్లేని సంగతి. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, నాకు ముక్కు మీద కోపం, అమ్మకి ఆకలి తక్కువ. చుట్టాలెవరైనా వస్తే "మా వేణిది పిట్ట తిండండీ" అని నాన్న మురిపెంగా చెప్పేవారు. పేరుకి ముందు డాక్టరనీ, పేరుకి వెనక రెండు డిగ్రీలనీ తగిలించుకున్న నేను, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, ఆ మాటని పట్టుకెళ్ళి ఒక ఫారంలో రాశాను. "దాత ఆకలి: తక్కువ. పుట్టుకతో వచ్చినది." కింద సంతకం కూడా పెట్టాను.

ఆ ఫారం ఎందుకో చెప్పాలంటే ముందు మా నాన్న గురించి చెప్పాలి. వీరభద్రంగారు కాకినాడ పోర్టు రోడ్డులో వేబ్రిడ్జి దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేశారు. లారీలు తూచే పని. రిటైరయ్యేనాటికి ఆయన బరువే నూట ముప్పై ఎనిమిది కిలోలు. "లోడు బండొస్తోంది, తప్పుకోండర్రా" అని డ్రైవర్లు ఆటపట్టిస్తే ఆయనా కలిసి నవ్వేవారు. ఆ తర్వాత షుగరొచ్చింది. మోకాళ్ళు పోయాయి. నిద్రలో ఊపిరి ఆగిపోవడం మొదలైంది. ఇక ఆపరేషను తప్పదని మా పరిశోధన కేంద్రంలో సర్జన్ ఫిరోజ్ తేల్చి చెప్పాడు. కడుపులో మూడొంతులు కోసేసి, అరటికాయంత గొట్టం మిగిల్చే ఆపరేషను ఇప్పుడు ఊరూరా ఉన్నదే. చిక్కల్లా తర్వాతే. రెండేళ్ళు గడిచేసరికి చాలామందికి ఆకలి తిరిగొస్తుంది, ఆ గొట్టం సాగుతుంది, పోయిన కిలోలు ఒక్కొక్కటే వెనక్కొచ్చి కూర్చుంటాయి.

అదిగో, నా పని అక్కడ మొదలవుతుంది. మనిషి కడుపుకి సొంత నాడులుంటాయి. ఎప్పుడు అడగాలో, ఎప్పుడు చాలనాలో అవి ఏళ్ళ తరబడి నేర్చుకుని గుర్తుపెట్టుకుంటాయి. కొద్దిగా తినే మనిషి కడుపులోంచి రూపాయి బిళ్ళంత ముక్క తీసి, నలభై రోజులు లాబ్‌లో పెంచితే అరచెయ్యంత పొర అవుతుంది. దాన్ని ఇంకొకరి కడుపులో కుడితే మూడు నాలుగు నెలల్లో నాడులు కలుసుకుంటాయి. అప్పట్నుంచి ఆ కడుపు పొర ఇచ్చినవాళ్ళ కడుపులాగే నడుచుకుంటుంది. పదేళ్ళు నేను చేసిన పని ఇదే. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. అయితే ఎలుకలు ఒకదాని కోసం ఒకటి ఆగవు. మేత పడగానే ఆడదీ మగదీ ఒకేసారి మూతి పెడతాయి. ఆ తేడా ఏమిటో ఆలోచించాలని మా లాబ్‌లో ఎవరికీ తట్టలేదు, మా వంటిళ్ళు మేం చూడని వాళ్ళంలా.

మనుషుల్లో మొదటి పొర నాన్నకే పెట్టాలనుకున్నాం. దాత కోసం వెతుకుతుంటే అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "రూపాయి బిళ్ళంతే కదే, నాది తీసుకో" అంది. ఆ మధ్యాహ్నమే భోజనాల బల్ల దగ్గర ఫారం పట్టుకుని కూర్చున్నాను.

"పూటకి ఎంత తింటావమ్మా?"

"ఏదో, ఉన్నంత."

"ఉన్నంత అంటే? ఒక కప్పా, రెండా?"

"నీ ఇష్టమొచ్చింది రాసుకో."

"ఆకలి ఎన్నింటికి వేస్తుంది?"

"అందరివీ అయ్యాక చూసుకుంటాలే. ముందు నువ్వు తిను, పప్పు చల్లారిపోతోంది."

నేను తింటూ అడిగాను, తిన్నాక రాశాను. అమ్మ గరిటె పట్టుకుని నిలబడే జవాబులు చెప్పింది. కళ్ళెదుట జరుగుతున్నదాన్ని వదిలేసి, చిన్నప్పట్నుంచీ విన్నదాన్ని రాసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అమ్మ ముక్క లాబ్‌లో పెరిగాక, నాన్న కడుపు కోసినప్పుడే ఆ పొర కూడా కుట్టారు. ఆపరేషను బాగానే జరిగింది. ఆ తర్వాత తినడం అనే పనిని నాన్న మళ్ళీ అఆల నుంచి నేర్చుకోవాల్సొచ్చింది. మొదటి రెండు వారాలూ మందు పోసుకునే చిన్న మూతతో గుక్క గుక్కగా మజ్జిగ తేట, పప్పు కట్టు. తర్వాత మెత్తగా మెదిపిన ఇడ్లీ, గుడ్డులో తెల్లసొన. ప్రతి ముద్దా పాతికసార్లు నమలాలి. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్న అరగంటకి తాగాలి. ఒకప్పుడు పెసరట్టు తింటూనే మధ్యాహ్నం కూరేమిటని అడిగిన మనిషి, టీ చెంచా పట్టుకుని పెదాలు కదుపుతూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకునేవారు. మధ్యలో ఫోన్ మోగితే లెక్క తప్పి మళ్ళీ మొదట్నుంచి నమిలేవారు.

ఆరోవారంలో ఎవరూ చూడకుండా ఒక కాజా నోట్లో వేసుకున్నారు. పావుగంటకల్లా గుండె దడ, ఒళ్ళంతా చెమట, కళ్ళు తిరిగి హాల్లో గచ్చు మీదే పడుకుండిపోయారు. తీపి ఒక్క ఉదుటున పేగుల్లోకి దిగితే అంతే. అమ్మ విసనకర్ర పట్టుకుని కూర్చుని, "కాకినాడలో పుట్టి కాజా తిని పడిపోయిన మగాడు మీరేనండీ" అని కంగారులోనూ నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేదు.

"తిండంటే నాకు స్నేహితుడే హైమా," అన్నారు సాయంత్రం నాతో. "రోజుకి మూడుసార్లు వచ్చి పలకరించి పోయేవాడు. ఇప్పుడు ఎదురుపడినా మొహం తిప్పుకుంటున్నాడు."

పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశారు. వెళితే "ఏంటి భద్రంగారూ ఇలా అయిపోయారు" అని పరామర్శలు, లేకపోతే "ఒక్క పూర్ణం బూరె తింటే ఏం కాదులెండి" అని బలవంతాలు. చొక్కాలు వేలాడిపోయాయి. అయినా మోకాళ్ళు తేలికయ్యాయి, షుగరు దిగింది. ఒక రోజు బీచ్ రోడ్డులో ఆగకుండా కిలోమీటరు నడిచొచ్చి, ఇంటి గుమ్మంలో నిలబడి నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఆ రోజు నాకు గర్వంగా ఉంది. అబద్ధం ఎందుకు, చాలా గర్వంగా ఉంది.

నాలుగో నెలలో పొర మేలుకుంది. ఒంటిగంటకి అన్నం ముందు కూర్చుని, "ఇప్పుడు కాదే, మీరు కానివ్వండి" అన్నారు నాన్న. నేను తిన్నాను. ఆయన నాకు వడ్డించారు. జన్మలో గరిటె పట్టని మనిషి "ఇంకాస్త వేసుకో, నెయ్యి సరిపోయిందా" అంటూ కంచం చుట్టూ తిరిగారు. రెండున్నరకి, వంటింట్లో గిన్నెలు సర్దే వేళకి, గట్టు దగ్గర నిలబడి గిన్నెలో అడుగూబొడుగూ మెతుకులు నాలుగు చెంచాలు తిన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అచ్చం అమ్మలాగే!" అని నేను పగలబడి నవ్వాను. ఫిరోజ్‌కి ఫోన్ చేసి మరీ చెప్పాను, పొర పట్టేసిందోచ్ అని. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆయన్ని వింతగా చూసి, గిన్నె చేతిలోంచి తీసుకుని, "ఇలా నిలబడి తినకండీ, బాగోదు" అంది.

తర్వాత్తర్వాత అది నవ్వుకునే సంగతిగా ఉండలేదు. కొన్ని రోజులు రెండున్నరకో మూడింటికో తినేవారు. కొన్ని రోజులు అసలు తినలేకపోయేవారు. ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతు దగ్గరే ఆగిపోయేది, బలవంతంగా మింగితే వాంతి. ఏ రోజు దిగుతుందో ఏ రోజు దిగదో మాకు అంతుపట్టలేదు. ఇంటికి చుట్టాలొస్తే ఆ పూట పస్తే. మేం ఎనభై రెండు కిలోల దగ్గర ఆగుతుందనుకున్న బరువు ఎనిమిదో నెలకే ఎనభైకి దిగింది. పదో నెలకి అరవై ఆరు. జుట్టు దువ్వెనకి ఊడి వచ్చేది. ఎండలో కూర్చుని కూడా చలి అనేవారు. రక్తపరీక్షల కాగితం ఫిరోజ్ రెండుసార్లు చదివాడు.

"పొర తీసేద్దాం ఫిరోజ్," అన్నాను.

"ఈ ఒంటితో కత్తి పెడితే కుట్లు అతకవు హైమగారూ. కనీసం ఎనిమిది కిలోలు పెరగాలి. పెరగాలంటే తినాలి. తినాలంటే ముందు ఆ పొర ఎందుకు బిగుసుకుంటోందో తెలియాలి." కాగితం మడిచి, "ఇలాగే ఉంటే రెండు నెలలు కూడా కష్టం," అన్నాడు.

ఆ వారంలోనే అమ్మ నన్ను డాబా మీదకి పిలిచింది. ఆరేసిన బట్టలు తీస్తూ, నా వైపు చూడకుండా, "నాకేదన్నా మందుంటే ఇయ్యవే," అంది.

"దేనికమ్మా?"

"ఆకలికి."

"ఆకలి వేయట్లేదా?"

"వేస్తోందే! అదే గొడవ." ఒక చీర మడత పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది. "పొద్దున్న పదింటికే మొదలవుతోంది. కళ్ళు తిరిగినట్టు, కడుపులో ఎవరో పిలిచినట్టు. మొన్న ఆగలేక గిన్నెడు అన్నం, నిన్నటి పులుసూ పోసుకుని ఒక్కదాన్నే తినేశాను. మీ నాన్న అక్కడ మెతుకు మింగలేక పడుకునుంటే నేనిక్కడ గిన్నె ఖాళీ చేశాను. సిగ్గేసింది. నా పెళ్ళి కాకముందు ఇలా ఉండేది. ఇదేదన్నా జబ్బేమో చూడు."

జబ్బు కాదు. నేను రూపాయి బిళ్ళంత ముక్క తీసిన చోట కొత్త పొర పుట్టింది. దానికి ఇంకా ఎవరూ ఏమీ నేర్పలేదు. దానికి ఆకలేస్తే ఆకలేసిందనే చెబుతుంది, అంతే. ఇది నాకు ఆ డాబా మీదే అర్థమైపోయింది. అర్థమయ్యాక, మరి నాన్న దగ్గరున్న పొరకి ఎవరేం నేర్పారన్న రెండో సంగతి కూడా వెంటనే తట్టాలిగా? తట్టలేదు. "మందేం వద్దమ్మా, తిను" అని చెప్పి దిగి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ నా ఫోన్ బల్ల మీద పెట్టి ఇంట్లో చప్పుళ్ళన్నీ రికార్డు చేశాను. గడియారం చూసి రావట్లేదు నాన్న ఆకలి, మందులకీ రావట్లేదు. దేనికి వస్తోందో, దేనికి పోతోందో చూడాలి. రెండు రోజుల తర్వాత లాబ్‌లో నాన్న ముక్కులోంచి సన్నటి గొట్టం కడుపులోకి దింపాం. పొర ఎంత బిగుసుకుంటే తెర మీద గీత అంత పైకి లేస్తుంది. అమ్మ మా అందరికీ క్యారేజీ పట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది. ఫిరోజ్ రికార్డు పెట్టాడు.

కంచాలు పెట్టిన చప్పుడు. గీత కాస్త లేచింది. అన్నం వడ్డన, మాటలు. గీత అలాగే ఉంది. తర్వాత గరిటె గిన్నె అడుగున గీరుకున్న చప్పుడు. గీత నిట్టనిలువుగా లేచింది. నాన్న పొట్ట పట్టుకున్నారు.

"ఏం చప్పుడిది?" అన్నాడు ఫిరోజ్.

"గిన్నెలో కూర అయిపోయింది. అదీ చప్పుడు," అన్నాను.

వెంటనే రికార్డులో నా గొంతు: "అమ్మా, ఆ మిగిలింది నాకు వేసేయ్." గీత ఇంకా పైకి పోయింది. ఆ గదిలో ఎటు చూడాలో నాకు తెలియలేదు. నాన్నలాంటి కడుపు నాకు లేదుగానీ, ఆయన కూతుర్నే. మా ఇంట్లో గిన్నె అడుగు గీకించిన వాళ్ళం మేమిద్దరమే.

తర్వాత కుళాయి చప్పుడు, ఆఖరి మనిషి చెయ్యి కడుక్కోవడం. గీత మెల్లగా దిగసాగింది. పొర వదులవుతోంది, ఇప్పుడు ఆకలి తెలుస్తుంది. ఫిరోజ్ మొహం వెలిగింది. అప్పుడు రికార్డులో మళ్ళీ నేను: "నువ్వు కూడా తినేయమ్మా." అమ్మ గొంతు, ఎప్పటిలాగే తేలిగ్గా: "నేనెప్పుడో తినేశాన్లే."

గీత తెర పై అంచుకి కొట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నాన్న "అబ్బా" అని ముందుకి వంగిపోయారు.

"ఈ మాటకెందుకండీ ఇంతలా?" అన్నాడు ఫిరోజ్ కంగారుగా.

నాన్న ముక్కులో గొట్టంతోనే తలెత్తారు. "తినలేదు," అన్నారు.

"ఏంటి నాన్నా?"

"మీ అమ్మ తినలేదే. ఆ మాటన్నప్పుడల్లా అది తినలేదు. ఈ నొప్పి నాది కాదు."

నేను ఇంటికొచ్చి నా డైరీ తీసి చూశాను. నాన్న తినగలిగిన రోజులు, తినలేకపోయిన రోజులు అందులో రాసి ఉన్నాయి. ఒక్కో రోజూ అమ్మ ఏమందో గుర్తుచేసుకున్నాను. నిజంగా తిన్న రోజు అమ్మ ఏమీ అనేది కాదు, తన పనేదో తను చేసుకునేది. తినేశాన్లే అన్న రోజులే నాన్నకి పస్తులు. ఆ మాట ఎప్పుడు వచ్చినా ఖాళీ కడుపుతోనే వచ్చింది కనక ఆ నాడులు రెంటినీ కలిపే నేర్చుకున్నాయి. పెళ్ళైనప్పట్నుంచి, ముప్పై తొమ్మిదేళ్ళ పాటు.

చెయ్యాల్సింది తేలిపోయింది. అందరూ తిన్నాక గానీ ఆ పొర తెరుచుకోదు. ఆ అందరిలో ఇప్పుడు అమ్మ కూడా ఉంది. అమ్మ ముందుగా, నిజంగా, కడుపు నిండా తింటేనే నాన్న బతుకుతారు. వినడానికి ఇంతకన్నా సులువైన వైద్యం ఉండదు.

మర్నాడు అమ్మని బల్ల దగ్గర కూర్చోబెట్టి, కంచంలో వేడన్నం పెట్టి, ఎదురుగా మేమిద్దరం కూర్చున్నాం. అమ్మకి ఆకలిగా ఉంది, నాకు తెలుసు. ముద్ద కలిపింది. చెయ్యి పైకి రాలేదు.

"మీరు ఖాళీ గిన్నె పెట్టుకుని అలా చూస్తుంటే ఎలా దిగుతుందండీ? మీరో రెండు చెంచాలు తినండి, నేను తింటాను."

"నేను తినలేనే. నువ్వు తింటేనే నాకు."

"మీరు తింటేనే నాకు."

ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అలా కూర్చున్నారు. అన్నం చల్లారిపోయింది. ఆఖరికి అమ్మ గబగబా రెండు ముద్దలు మింగి, కంచంలో చెయ్యి కడిగేసుకుని, "తినేశానండీ, కడుపు నిండిపోయింది" అంది. నాన్న పొట్ట పట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"వేణీ," అన్నారు మెల్లగా. "అబద్ధం."

అమ్మ నిలబడింది. ఆవిడకి కోపం రావడం నేను అంతకుముందు రెండు మూడుసార్లు చూశానేమో.

"లాబ్‌లో ఏం తేలిందని అడిగితే నాకెవరూ చెప్పలేదు. ఇదా తేలింది?" అని నా వైపు తిరిగింది. "రూపాయి బిళ్ళంతే కదా అని ఇచ్చాను. దాన్లో ఇదంతా ఉంటుందని చెప్పావా నువ్వు? నా కడుపు నాకేం కాకుండా ఆయన పొట్టలో కూర్చుని నా మీదే చాడీలు చెబుతోంది!"

"ఒక్కరోజన్నా చెప్పొచ్చుగా వేణీ," అన్నారు నాన్న. "కూర మిగల్లేదని, ఆకలేస్తోందని."

"చెబితే ఏం చేసేవారు? ఆ పూటకి అయ్యో అనేవారు. రెండో పూటకి మళ్ళీ గిన్నె గీకమనేవారు. ఎవరి కంచంలోంచో తీసి నాకు పెట్టించుకోవడం ఇష్టం లేకే ఆ మాట అనేదాన్ని. నన్ను చూసి ఎవరూ జాలిపడకుండా ఆ ఒక్క మాటతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. అదీ లాక్కున్నారు."

నాన్న ఏడ్చారు. నాకు ఏడుపు కూడా రాలేదు. 

రెండు రోజులు ఇంట్లో పొయ్యి వెలిగింది, వండినవి వండినట్టే ఉన్నాయి. నాన్న లేచి బాత్రూందాకా వెళ్ళడానికి గోడ పట్టుకున్నారు. మూడో రోజు ఒంటిగంటకి అమ్మ తనకి కంచం పెట్టుకుంది. మా ఇద్దరినీ చూసి, "మీరు బయట కూర్చోండి. నన్ను చూడొద్దు, ఏం తిన్నావని అడగొద్దు," అని వంటింటి తలుపు వేసి గడియ పెట్టుకుంది.

తలుపు ఇవతల స్టూలు మీద నాన్న, చేతిలో మెత్తగా కలిపిన పప్పన్నం గిన్నె. లోపల కంచం కదిలిన చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మంచినీళ్ళ గ్లాసు. మళ్ళీ గరిటె, గిన్నె నిండుగా ఉన్నప్పటి మెత్తటి చప్పుడు. అమ్మ మారు వడ్డించుకుంది. ఆఖరున కుళాయి. నాన్న భుజాలు దిగాయి. "వదిలింది," అని గుసగుసగా అని, పాతికసార్లు నములుతూ ఆరు చెంచాలు తిన్నారు. ఒక్కటి కూడా వెనక్కి రాలేదు.

అప్పట్నుంచి రోజూ అదే పద్ధతి. గిన్నె అడుగు ఎప్పుడూ కనపడకూడదని నాన్న గట్టిగా చెప్పి అన్నీ రెండింతలు వండించేవారు. వారానికి అరకిలో చొప్పున, ఒక్కోసారి అదీ లేకుండా, బరువు పెరగసాగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఒక రోజు, ఇన్నేళ్ళలో మొదటిసారి, నేను ఉండబట్టలేక "ఇవాళ ఏం తిన్నావమ్మా?" అని అడిగాను.

"మీ నాన్ననడుగు," అంది తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ. "నా కడుపు ఆయన దగ్గరే ఉందిగా."

లాబ్‌లో నా బల్ల మీద, నాన్న తర్వాత పొర పెట్టాల్సిన వాళ్ళ కోసం ఒప్పుకున్న దాతల జాబితా ఉంది. నలభై ఒక్క మంది. అందులో ముప్పై తొమ్మిది మంది ఆడవాళ్ళు. ఎవరికి వాళ్ళ భర్తో కొడుకో కూతురో నింపిన ఫారాలు. ఒక్కో ఫారం తిప్పి ఆకలి గడి చూశాను. అన్నిట్లోనూ ఒకే మాట. ఇంక్యుబేటర్లో పెరుగుతున్న ఏడు పొరల్నీ ఆపేశాను. పదేళ్ళ పని కదా అని డైరెక్టరు కేకలేశారు. ఆ ఫారాలు ఆయన ముందు పెట్టి, "మీ ఇంట్లో ఆఖర్న ఎవరు తింటారు సార్?" అని అడిగాను. ఆయన ఫారాలు పక్కకి నెట్టి, ఇది సైన్సు కాదన్నారు.

ఆరున్నర నెలలకి నాన్న డెబ్భై నాలుగు కిలోలయ్యారు. ఫిరోజ్ తనే ఇంటికొచ్చాడు. అమ్మ వంటింట్లో గిన్నెలు బోర్లిస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు.

"పిన్నిగారూ, బాబాయ్‌గారికి ఇక భయం లేదు. పొర తీసేయొచ్చు. తీసేస్తే ఆయన ఆకలి ఆయనకొస్తుంది. మీరు ఎప్పుడు తిన్నా, తినకపోయినా ఆయనకి ఇబ్బంది ఉండదు. కాకపోతే బరువు మళ్ళీ పెరగకుండా ఆయనే నోరు కట్టేసుకోవాలి."

నాన్న హాల్లోంచే, "నన్నడక్కండి. వస్తువు ఆవిడది," అన్నారు.

అమ్మ చెయ్యి ఆపింది. "తీసేస్తే నేను తినకుండా తినేశానన్నా ఆయనకి తెలీదా?"

"తెలీదండీ."

"కడుపులో ఏమీ అనిపించదా?"

"ఏమీ అనిపించదు. అంతా మునుపటిలాగే ఉంటుంది."

తీసేయమంటుందనే అనుకున్నాను నేను. లాక్కున్నారని ఆ రోజు అంత బాధపడిన మనిషి, తనది తనకి తిరిగొస్తుంటే వద్దంటుందా? కత్తి పెట్టడానికి ఏ వారం బాగుంటుందో కూడా మనసులో చూసుకున్నాను. అమ్మ గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, గుమ్మంలోకొచ్చి నాన్న వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఉండనివ్వండి బాబూ," అంది. "తీసేస్తే మర్చిపోతారు."

మర్చిపోనని నాన్న అంటారేమో అని చూశాను. ఆయన అనలేదు. నేనూ అనలేదు.